అప్‌డేట్: మధ్యలో మార్చ్ వచ్చే ఆ పియానో రచన దొరికింది

రేడియోలో విన్న ఒక పియానో–ఆర్కెస్ట్రా రచన ఎక్కడా ఆగకుండా సాగిందనీ, మధ్యలో పియానో ఊరుకోగా దూరం నుంచి వస్తున్నట్టు ఒక మార్చ్ (సైనికుల నడక లయలో సాగే సంగీతం) మొదలైందనీ, అదేమిటో చెప్పమనీ ఇక్కడ అడిగాను. అది జర్మన్ స్వరకర్త వేబర్ రాసిన ఎఫ్ మైనర్ కాన్‌సెర్ట్‌ష్టూక్, ఓపస్ 79 (పేరుకు ‘కచేరీ రచన’ అని అర్థం; ఓపస్ అంటే రచన సంఖ్య). ఆ పేరు సూచించినవారికీ, తక్కినవారికీ కృతజ్ఞతలు.

నాకు తెలిసిన పియానో ఉపాధ్యాయురాలు స్కోరు తెరిచి నిర్ధారించారు. నెమ్మదైన లార్గెట్టో, వేగంగా సాగే ఉద్వేగభరితమైన అల్లెగ్రో భాగాలు అయ్యాక సుషిర వాద్యాలు సి మేజర్‌లో మార్చ్‌ను మెల్లగా ఎత్తుకుంటాయి. పియానో ఆక్టేవుల గ్లిస్సాండోతో (ఒకే స్వరాన్ని రెండు స్థాయిల్లో కలిపి పట్టి, వేళ్లను మెట్ల మీద జారుస్తూ) దూసుకురాగానే ఆర్కెస్ట్రా మొత్తం అందుకుంటుంది. వేబర్ శిష్యుడు జూలియస్ బెనెడిక్ట్ చెప్పినదాని ప్రకారం, క్రూసేడ్‌కు (మధ్యయుగపు క్రైస్తవ మతయుద్ధానికి) వెళ్లిన భర్త కోసం కోటలో ఎదురుచూసే స్త్రీ కథ దీని వెనుక ఉంది; మార్చ్ తిరిగి వస్తున్న వీరులది. కథ తెలియకపోయినా ఆ ఘట్టం అంతే బాగుంటుందని నా అభిప్రాయం. 1821 జూన్‌లో, తన ఒపేరా ‘డెర్ ఫ్రైషుట్జ్’ తొలి ప్రదర్శన నాటి ఉదయమే దీన్ని ముగించి, వారం తిరగగానే బెర్లిన్‌లో వేబరే స్వయంగా వాయించారు.

దీనితో పొరబడే వీలున్న మరో రెండు పియానో–ఆర్కెస్ట్రా రచనల సంగతి: స్వరకర్త లిస్ట్ రెండో పియానో కన్చెర్టోలోనూ మార్చ్ ఉంది కానీ, ఆ మార్చ్ మొదలవడమే హోరుగా మొదలవుతుంది కనుక అది కాదు. రిచర్డ్ స్ట్రాస్ ‘బుర్లెస్క్’ టింపానీ అనే పెద్ద డోళ్లతో మొదలవుతుంది కనుక అదీ కాదు.

వెతికేవారికి ఒక మాట: ఏకబిగిన వాయించే రచనే అయినా కొన్ని రికార్డింగుల్లో దీన్ని నాలుగు ట్రాకులుగా విడగొట్టారు, అలాంటివాటిలో మార్చ్ మూడోది.