పుంజు జుట్టు మీద తెల్ల పొడి, పెట్టకు నల్ల పొక్కులు: రెండూ ఒకటేనా?

గూటికాపలా:
నా దగ్గర ఒక పుంజు, ఆరు పెట్టలు ఉన్నాయి. పది రోజుల క్రితం పుంజు జుట్టు మీద పిండి చల్లినట్టు తెల్లగా కనిపించింది. మట్టిలో పొర్లి వచ్చిందేమోలే అనుకున్నాను. తడిబట్టతో తుడిస్తే పోలేదు. ఇప్పుడు గడ్డం కింద వేలాడే ఎర్ర తోలుకీ పాకింది. ఇంతలో ఇంకా గుడ్డు మొదలుపెట్టని ఒక పెట్టకి జుట్టు మీద, కంటి రెప్ప పక్కన పులిపిర్ల లాంటి పొక్కులు లేచాయి. మొదట పసుపు రంగులో ఉన్నాయి, ఇప్పుడు నల్లబడి గరుకుగా తయారయ్యాయి. నిన్న ఒకటి గోటితో లాగాను. రక్తం ఆగడానికి పావుగంట పట్టింది. దాని అరుపు విని పుంజు వచ్చి నా పిక్క మీద తన్నింది, అది వేరే కథ. ఇంట్లో మేం దురదకి రాసుకునే క్రీము ఉంది, రెండింటికీ అదే రాసేయొచ్చా?

రెక్కలమూట:
నీళ్లలో యాంటీబయాటిక్ కలిపి ఐదు రోజులు పెట్టండి. ఏదైనా దెబ్బకి దిగుతుంది.

పాతగంప:
దిగదండీ. పెట్టకి వచ్చింది నాకు కోడి మశూచిలాగే కనిపిస్తోంది, అది వైరస్. యాంటీబయాటిక్ దాన్ని ఏమీ చేయలేదు. పుండు చీము పడితే తప్ప ఆ మందుతో పని లేదు, అప్పుడు కూడా డాక్టరు చెప్పిన మోతాదే.

రెండూ ఒకటి కావు. మీ పుంజుది తామర అనుకుంటున్నాను. మట్టి అయితే తడిబట్టకి వచ్చేస్తుంది, తామర పొలుసు రాదు. దగ్గరగా చూడండి, చిన్న చిన్న తెల్ల మచ్చలు ఒకదానితో ఒకటి కలిసిపోయి సున్నం పూసినట్టు ఉంటుంది. ముదిరితే జుట్టు దాటి ఈకల మొదళ్లకి దిగుతుంది, అక్కడ ఈకలు రాలిపోతాయి. నా పుంజుకి వచ్చినప్పుడు నేను చేసిన తప్పు, ఎండిన పొలుసు మీదే మందు రాయడం. రెండు వారాలు రాసినా చుక్క కదల్లేదు. తర్వాత గోరువెచ్చని సబ్బు నీళ్లతో మెత్తబరిచి, మెల్లగా తుడిచి, ఆరనిచ్చి, క్లోట్రిమజోల్ రాశాను. అప్పుడు అడుగు నుంచి ఎరుపు కనిపించడం మొదలైంది. మైకోనజోల్ అయినా పనిచేస్తుంది. తెలుపు పోయింది కదా అని వెంటనే ఆపకండి, ఇంకో వారం పైన రాయండి.

మీ దురద క్రీము ట్యూబు మీద ఏం రాసి ఉందో ముందు చదవండి. అందులో స్టెరాయిడ్ ఉంటే వద్దు. నాలుగు రోజులు తగ్గినట్టే ఉంటుంది, లోపల తామర ఇంకా పెరుగుతుంది. ఇది అరుదుగా మనుషులకీ అంటుకుంటుంది, చేతికి తొడుగు వేసుకోండి.

పెట్ట సంగతి. పొక్కు లాగడం మానండి. ఆ పక్కులోనే వైరస్ ఉంటుంది, నేల మీద రాలితే నెలల తరబడి బతుకుతుంది. రాలినవి ఏరి కాల్చేయండి. మీరు లాగిన చోట మాత్రం పోవిడోన్ అయోడిన్ దూదితో అద్దండి, కంట్లో పడనివ్వకండి. మిగతావి మూడు నాలుగు వారాల్లో వాటంతటవే రాలతాయి. కంటి రెప్ప అంటుకుపోతే కాచి చల్లార్చిన ఉప్పు నీళ్లతో కడగండి, చూపు లేకపోతే దాణా దగ్గరికి రాలేక చిక్కిపోతుంది. ఇది మనుషులకి రాదు, ఆ టెన్షన్ అక్కర్లేదు.

ఒక్కటి మాత్రం ఈ రాత్రే చూడండి. ముక్కు తెరిచి టార్చి వేసి, నాలుక చుట్టూ, గొంతులో పసుపు పొర ఉందేమో. ఉంటే అది తడి మశూచి, ఊపిరి ఆడక చచ్చిపోతాయి. అప్పుడు డాక్టరు దగ్గరికే.

మశూచి దోమలు కుట్టడం వల్ల, పొడుచుకున్న గాయాల వల్ల పాకుతుంది. గూటికి సన్న వల కట్టండి, నీళ్లు నిలవనివ్వకండి. మిగతా ఐదు పెట్టలకీ ఇంకా రాలేదు కాబట్టి టీకా సంగతి అడగండి. రెక్క పొర మీద సూదితో పొడుస్తారు. 7 నుంచి 10 రోజులకి అక్కడ చిన్న వాపు రావాలి, రాకపోతే టీకా పట్టనట్టే.

మేలుకొలుపు:
నల్ల చుక్కలన్నీ మశూచి కాదు. మా పెట్టకి కళ్ల చుట్టూ మిరియాలు చల్లినట్టు ఉంటే నేనూ అలాగే భయపడ్డాను. భూతద్దం పెట్టి చూస్తే తోలులోకి తల గుచ్చి కదలకుండా కూర్చున్న పురుగులు. వాజలైన్ మందంగా పూసి, మర్నాడు పట్టకారుతో తీశాను. ఇంకొకటి, జుట్టు ఊదా రంగుకి తిరిగి, ముఖం వాచి, కోళ్లు ఉన్నట్టుండి చనిపోతుంటే ఇవేవీ ప్రయత్నించొద్దు. వాటిని ముట్టుకోకుండా పశువుల డాక్టరుకి చెప్పండి, బర్డ్ ఫ్లూ కావచ్చు.

గూటికాపలా:
రాత్రి నోరు చూశాను, గులాబీ రంగులో శుభ్రంగా ఉంది. ట్యూబు చదివితే స్టెరాయిడ్ ఉంది, పక్కన పడేశాను. పుంజుని తువ్వాలులో చుట్టి జుట్టుకి సబ్బు నీళ్లు పట్టించాం, ఒకరు పట్టుకోవడం, ఒకరు తుడవడం. మందు రాస్తే గుడ్లు తినొచ్చా?

పాతగంప:
మందు రాసేది పుంజుకే కదా, అది గుడ్లు పెట్టదు! పెట్టలకి ఎప్పుడైనా రాయాల్సి వస్తే మాత్రం ఎన్ని రోజులు గుడ్లు ఆపాలో ముందే డాక్టరుని అడిగి రాయండి. రేపటి నుంచి రోజూ ఒకే వెలుతురులో జుట్టు ఫోటో తీసి పెట్టుకోండి. కళ్ళతో చూస్తే తగ్గిందో లేదో తేల్చుకోలేం.