ర్యామ్ కొరతకు ప్రభుత్వం చేయగలిగినదేమిటి?

ప్రశ్న (పాలకొండ నుంచి, ల్యాబ్ ఇన్‌ఛార్జి):
మా కళాశాల ల్యాబులో 30 కంప్యూటర్లున్నాయి, అన్నిటికీ ఉన్నది 4 జీబీ ర్యామే (ప్రోగ్రాములు నడిచేటప్పుడు వాడుకునే తాత్కాలిక మెమరీ). మరో 8 జీబీ చొప్పున వేయిద్దామని యాజమాన్యాన్ని ఒప్పించి శ్రీకాకుళంలో కొటేషన్ అడిగితే, దుకాణదారు ధర వేసి కిందనే ‘ఈ సాయంత్రం వరకే’ అని రాసిచ్చారు. సంతకాలు అయ్యేసరికి ధర పెరిగిపోయింది. పిల్లలు ఒక్కో సిస్టం దగ్గర ఇద్దరేసి కూర్చుని, ఒకరు టైపు చేస్తుంటే మరొకరు ప్రోగ్రామును నోటుపుస్తకంలో రాసుకుంటున్నారు. ప్రభుత్వం దిగుమతి సుంకం తగ్గిస్తే ఈ ఇబ్బంది తీరుతుందా? గుజరాత్‌లో, అస్సాంలో కడుతున్న ఫ్యాక్టరీల వల్ల మనకు మేలు జరుగుతుందా?

జవాబు (విజయనగరం, కంప్యూటర్ సర్వీసు దుకాణం):
మాస్టారూ, ర్యామ్ మీద మూల కస్టమ్స్ సుంకం ఇప్పటికే లేదండి, పడేది 18 శాతం జీఎస్టీ. మేము కొనేటప్పుడు కట్టిన పన్నును, అమ్మకాలపై కట్టాల్సిన పన్నులో ఇన్‌పుట్ క్రెడిట్‌గా సర్దుకుంటాం, కళాశాలకు ఆ వెసులుబాటు లేక భారమంతా మీమీదే పడుతుంది. కాబట్టి విద్యాసంస్థలకు ఆ పన్ను వాపసు ఇవ్వడం ప్రభుత్వం వెంటనే చేయగలిగిన పని. ఇంకొకటి, కార్యాలయాల్లో కండెమ్ చేసిన కంప్యూటర్లను ర్యామ్‌తో సహా తుక్కు కింద వేలం వేస్తుంటారు. ముందే ఆ ర్యామ్ తీసి, దాని కాంటాక్టులను రబ్బరుతో తుడిచి పరీక్షిస్తే చాలావరకు పనిచేస్తుంది, నేను రోజూ చేసే పనే ఇది. ర్యామ్‌లో డీడీఆర్3, డీడీఆర్4 అని తరాలుంటాయి, ఒకదానిది మరొకదాని బోర్డులో పట్టదు. మీ బోర్డులు వీటిలో ఏ తరానివో మాత్రం ముందు చూసుకోండి.

జవాబు (శ్రీకాకుళం వాసి, చిప్ డిజైన్ ఇంజినీరు):
పన్ను వాపసు ఊరటే గానీ, కొరత మూలం వేరే చోట ఉంది. ఏఐ ప్రాసెసర్ల పక్కన అమర్చే హెచ్‌బీఎం మెమరీకి, అంతే సామర్థ్యం గల కొత్త తరం మామూలు ర్యామ్ డీడీఆర్5తో పోలిస్తే సుమారు మూడు రెట్ల వేఫర్ (చిప్పులు తయారుచేసే సిలికాన్ పలక) పడుతుంది. ఈ రెండు రకాలకూ మూలమైన డీర్యామ్ చిప్పుల్లో ప్రపంచంలో అత్యధిక భాగం తయారుచేసే శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అటువైపు మొగ్గడంతో మామూలు ర్యామ్‌కు వేఫర్లు తగ్గాయి. 2025 డిసెంబరులో మైక్రాన్ క్రూషియల్ పేరుతో మామూలు వినియోగదారులకు మెమరీ అమ్మే వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది.

మీరడిగిన ఫ్యాక్టరీల సంగతికొస్తే, గుజరాత్‌లోని సాణంద్‌లో మైక్రాన్ చేసేది చిప్పుల కూర్పు, పరీక్ష మాత్రమే, వేఫర్లు విదేశాల నుంచే రావాలి. అస్సాంలోని జాగీరోడ్‌లో టాటావారిదీ అదే తరహా. గుజరాత్‌లోనే ధోలేరాలో టాటావారు కడుతున్న ఫ్యాబ్ (వేఫర్ల మీద చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీ) 28 నుంచి 110 నానోమీటర్ల చిప్పుల కోసం తలపెట్టినది, మీ ర్యామ్ అందులో తయారు కాదు. 2021 డిసెంబరులో కేంద్రం 76,000 కోట్ల రూపాయలతో మొదలుపెట్టిన సెమీకండక్టర్ (చిప్పుల తయారీ) కార్యక్రమం దేశానికి అవసరమే, అయితే మెమరీ ఫ్యాబ్‌ను ఈరోజు మంజూరు చేసినా ఉత్పత్తికి ఏళ్లు పడుతుంది. జపాన్‌లోని కుమమొతోలో 2022లో పనులు మొదలై ఎంతో వేగంగా కట్టిన చిప్ ప్లాంటులో కూడా ఉత్పత్తి 2024 చివరికి గానీ ప్రారంభం కాలేదు.

అందుకే నేను గట్టిగా కోరేది ఇది. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో 1,500 కోట్ల డాలర్ల ఏఐ కేంద్రాన్ని ప్రకటించింది. ఇలాంటి కేంద్రాలకు భూమి, నీరు, విద్యుత్తు సమకూర్చేటప్పుడే, వాటి కంప్యూటింగ్ సామర్థ్యంలో కొంత భాగాన్ని ఉత్తరాంధ్ర కళాశాలలకు కేటాయించాలని ప్రభుత్వం ఒప్పందంలో రాయించాలి. అప్పుడు బరువైన ప్రోగ్రాములు అక్కడ నడుస్తాయి, మీ 4 జీబీ యంత్రానికి తెర, కీబోర్డు, నెట్ కనెక్షన్ ఉంటే సరిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలండి. మూతలు విప్పి చూశాం, 22 యంత్రాలు డీడీఆర్3వి. పాత ర్యామ్ కోసం కలెక్టరు కార్యాలయానికి అర్జీ రాస్తున్నాను, నెట్ వేగం ఎంతుందో కూడా అందులో జతచేస్తాను.