అప్‌డేట్: 4 డైమెన్షన్లకి 9 వెక్టర్ల ఫ్రేమ్ కుదిరింది

పోయిన వారం అడిగాను కదండీ, 4 డైమెన్షన్ల సిగ్నల్‌ని 9 వెక్టర్లతో (ఈ వెక్టర్ల సెట్‌నే ఫ్రేమ్ అంటారు) విడగొడుతుంటే 4×9 మ్యాట్రిక్స్‌లో 36 ఎంట్రీలూ నిండిపోయి లెక్క బరువవుతోంది, చిన్న నంబర్లని నేనే సున్నా చేసేస్తే ఫ్రేమ్ టైట్‌గా (అంటే తిరిగి కలిపి ఒకే సంఖ్యతో గుణిస్తే అసలు సిగ్నల్ వచ్చేలా) ఉండక సిగ్నల్ సరిగ్గా వెనక్కి రావట్లేదు అని. మీలో ఒకరు స్పెక్ట్రల్ టెట్రిస్ (ఎక్కువ సున్నాలు ఉండేలా టైట్ ఫ్రేమ్‌ని మెట్లుమెట్లుగా కట్టే పద్ధతి) చూడమన్నారు, అదే పనిచేసింది!

కాగితం మీద చేత్తోనే కట్టాను. ఒక్కో నిలువు వరుస ఒక్కో వెక్టర్, ప్రతి నిలువు వరుసలో వర్గాల మొత్తం 1 రావాలి, అడ్డవరుసలో 9/4. మొదటి అడ్డవరుసలో 1, 1 పెడితే ఇంకా 0.25 కావాలి, దానికి పక్క రెండు గడుల్లో √0.125 చొప్పున పెట్టి వాటి కింద √0.875, −√0.875 పెట్టాను, ఆ మైనస్ ఉండబట్టే రెండు అడ్డవరుసలూ ఒకదానికొకటి లంబంగా ఉంటాయి. ఇలాగే మెట్లుమెట్లుగా దిగితే చివరి గడిలో కరెక్టుగా 1 పడింది, భలే సంతోషమేసింది!

మొత్తం సున్నా కానివి 15 మాత్రమే. యూనిట్ నార్మ్ (ప్రతి వెక్టర్ పొడవు 1 ఉండే) టైట్ ఫ్రేమ్‌లో ఇంతకంటే తగ్గించలేమని గణితవేత్తలు కాసాజా, కుటినియోక్ వాళ్లు 2011 పేపర్‌లో నిరూపించారు. తిరిగి కలిపాక 4/9తో గుణిస్తే సిగ్నల్ యథాతథంగా వచ్చేస్తోంది. వెక్టర్లు డైమెన్షన్లకి కనీసం రెట్టింపు ఉంటే ఈ పద్ధతి ఖాయంగా నడుస్తుంది, చెప్పినవాళ్లకి చాలా థ్యాంక్స్ అండీ.