91 ఏళ్ల అమ్మమ్మని తన పనులు తనని చేసుకోనివ్వాలా, ఆపాలా?

తెనాలి మనవరాలు: అమ్మమ్మ మా ఇంట్లోనే ఉంటుంది. స్నానం, చీర కట్టుకోవడం, తులసికోట దగ్గర ముగ్గు అన్నీ తనే. పోయిన నెల బాత్రూమ్‌లో జారింది, ఎముక విరగలేదు కానీ మోచెయ్యి వాచిపోయింది. అప్పట్నుంచి మామయ్య ఆమెని మంచం దిగనివ్వట్లేదు, మంచినీళ్లు కూడా చేతికే అందిస్తున్నారు. మూడు వారాలకే ఆసరా లేనిదే లేవలేకపోతోంది. నాకేమో ఆపడమే తప్పనిపిస్తోంది.

గట్టు మీద రైతు: మీ మామయ్యదే కరెక్టమ్మా. మా నాన్నమ్మకి 88 ఏళ్ల వయసులో తుంటి విరిగింది, ఆపరేషన్ చేయించినా మళ్లీ నడవలేదు, ఏడాది తిరక్కుండానే పోయింది. ముగ్గు వేయకపోతే ఏం పోతుంది?

ఫిజియో అన్న: అన్నగారూ, మీ భయం అర్థమైంది, తుంటి విరగడం నిజంగా పెద్ద దెబ్బే. కానీ మంచంలో పెట్టేస్తే పడే ప్రమాదం తగ్గదు, కాళ్లలో సత్తువ పోయి ఇంకా పెరుగుతుంది. అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లని ఒక పరిశోధన కోసం 10 రోజులు మంచం మీదే ఉంచితే కాళ్లలో కిలో దాకా కండ తగ్గింది. అదే దేశంలో 1990లో ఒక నర్సింగ్ హోమ్‌లో 86 నుంచి 96 ఏళ్ల వాళ్లతో 8 వారాలు కాళ్లతో బరువులు ఎత్తించారు, బలం రెట్టింపు దాటింది, ఇద్దరు చేతికర్ర మానేశారు. ఆ వయసులో కూడా కండ పెరుగుతుందండీ! ముందు మీ ఇంట్లో మంచం చూడండి. నులక మంచం కుంగిపోయి ఉంటే దాంట్లోంచి మనమే లేవలేం. మోకాలి ఎత్తు గట్టి మంచం, బాత్రూమ్ గోడకి పట్టుకునే రాడ్డు, స్నానానికి కుర్చీ, రాత్రి చిన్న లైటు పెట్టండి. బీపీ, నిద్ర మాత్రలతో తల తిరుగుతోందేమో డాక్టర్‌ని అడగండి.

పాలమూరు కోడలు: అన్నా, అన్నీ మంచిగనే చెప్పినవు. మరి బాత్రూమ్ బయట నిలబడేదెవరు? మా అత్తమ్మకి 86, చీర కట్టుకునేందుకు 40 నిమిషాలు పడ్తది, నేను 8 గంటలకి డ్యూటీకి పోవాలె. చేసుకోనియ్యాలె అని ఫోన్‌లో చెప్పేటోళ్లు ఒక్కరోజు వచ్చి నిలబడరు, పడితే మాత్రం కోడలు చూసుకోలేదంటరు.

ఫిజియో అన్న: నిజమే చెల్లీ, ఆ భారం ఒక్కరి మీదే వేయడం అన్యాయం. స్నానం సాయంత్రానికి మార్చి చూడండి, ఇంట్లో మగవాళ్లూ వంతు తీసుకోవాలి.

తెనాలి మనవరాలు: అసలు అమ్మమ్మని ఎవరూ అడగలేదని ఇవాళే తట్టింది. అడిగాను. "నీళ్లు నువ్వు తోడిపెట్టు, ముగ్గు నువ్వే వెయ్యి. చీర మాత్రం నేనే కట్టుకుంటా" అంది. కుచ్చిళ్లు పెట్టుకుంటుంటే వేళ్లు వణుకుతున్నాయి, అయినా మడత సరిగ్గానే పడింది. మామయ్య ఇంకా ఒప్పుకోలేదు. రాడ్డు బిగించడానికి రేపు మనిషి వస్తున్నాడు.