పసితనంలో వచ్చిన మెనింజైటిస్ ప్రభావం ఎన్నాళ్లకు బయటపడుతుంది?

ప్రశ్న:
మా పాపకు 20 రోజుల వయసులో గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా వల్ల మెనింజైటిస్ (మెదడు చుట్టూ ఉండే పొరల వాపు) వచ్చి, మూడు వారాలు యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఇచ్చిన తరువాత ఇంటికి పంపారు. ఇప్పుడు 9 నెలలు. కూర్చుంటుంది, బొమ్మను ఒక చేతి నుంచి మరో చేతికి మార్చుకుంటుంది, కానీ వెనుక నుంచి పిలిస్తే తిరగదు. ఇది ఆ జబ్బు ప్రభావమేనా?

జవాబు (పిల్లల వైద్యురాలు):
వాయిదా వేయకుండా బెరా పరీక్ష (శబ్దానికి చెవి నరం, మెదడు ఎలా స్పందిస్తున్నాయో చూసే వినికిడి పరీక్ష) చేయించండి. మెనింజైటిస్ తర్వాత మిగిలే లోపాల్లో తరచుగా కనిపించేది వినికిడి లోపమే. వాపు లోపలి చెవిలోని కాక్లియాకు పాకి, శబ్దాన్ని గ్రహించే సున్నితమైన రోమకణాలను దెబ్బతీస్తుంది. కొందరిలో కాక్లియా లోపల ఎముక పెరిగి గట్టిపడుతుంది కనుక, కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి కోసం శస్త్రచికిత్సతో అమర్చే పరికరం) అవసరమైన పక్షంలో ఆలస్యమయ్యేకొద్దీ దాని ఎలక్ట్రోడ్ తీగను కాక్లియాలో అమర్చడం కష్టమవుతుంది. నిజానికి ఈ పరీక్ష డిశ్చార్జికి ముందో, ఆ తర్వాత నాలుగు వారాల్లోపో జరగవలసింది.

జవాబు (ఒక తల్లి):
పసితనంలో ఇదే జబ్బు వచ్చిన మా అబ్బాయికి వినికిడి బాగానే ఉంది, నడక, మాటలు వేళకే వచ్చాయి కనుక గండం గడిచిందనుకున్నాం. రెండో తరగతికి వచ్చాక గానీ తెలియలేదు. "పుస్తకం సంచిలో పెట్టి, నీళ్ల సీసా తీసుకురా" అంటే సీసా తెచ్చేవాడు, పుస్తకం బల్ల మీదే ఉండేది. అప్పట్లో మందలించినందుకు ఇప్పటికీ బాధపడుతుంటాను.

జవాబు (పిల్లల వైద్యురాలు):
అది మొండితనం కాదమ్మా. ఏకాగ్రతకూ, పనులను వరుసలో పెట్టుకోవడానికీ తోడ్పడే మెదడు భాగాలు ఆలస్యంగా పరిపక్వమవుతాయి కనుక, పసితనంలో తగిలిన దెబ్బ వాటితో పని పడినప్పుడే బయటపడుతుంది. చాలామంది పిల్లలు ఏ లోపమూ లేకుండానే ఎదుగుతారు. అయినా తొలి రెండేళ్ల పరీక్షలు బాగున్నాయని ఊరుకోకుండా, బడి వయసులో మరోసారి చూపించాలి.