చొక్కాకి కుట్టిన ట్రైబోఎలక్ట్రిక్ ముక్క: ఎల్‌ఈడీలు వెలుగుతున్నాయి, కెపాసిటర్ నిండటం లేదు

టెక్స్‌టైల్_ఫైనలియర్:
రెండు పొరలు తాకి విడిపోయినప్పుడు కరెంటు పుట్టించే (ట్రైబోఎలక్ట్రిక్) ముక్క ఇది. చేతి వైపు నైలాన్ గుడ్డ, నడుము వైపు టెఫ్లాన్ (ప్లంబర్) టేపు, రెంటి వెనకా వెండిపూత నైలాన్ గుడ్డ. కొలత 10×10 సెం.మీ. చెయ్యి ఊపితే వరసగా కలిపిన 40 ఎర్ర ఎల్‌ఈడీలు మెరుస్తున్నాయి. అదే 1ఎన్5819 షాట్కీ డయోడ్లు నాలుగింటి బ్రిడ్జి (అటూఇటూ మారే కరెంటుని ఒకే దిశకు తిప్పేది) ద్వారా 100 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలైటిక్‌కి ఇస్తే పది నిమిషాలైనా 0.3 వోల్టు దాటట్లేదు. మల్టీమీటర్ నేరుగా పెడితే అంకెలు నిలవట్లేదు. దీంతో ఆర్డ్యునో (చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు) నడపాలి. లోపం ఎక్కడండీ?

మైక్రోఆంప్:
డయోడ్లలోనూ కెపాసిటర్‌లోనూ ఉంది. వోల్టేజీ బాగా ఉంటే కాస్తంత కరెంటుకే ఎల్‌ఈడీ మెరుస్తుంది. కెపాసిటర్‌కి కావలసింది చార్జి. మీ ముక్క తాకినప్పుడు 100 నానోకూలుంబులు, విడిపోయినప్పుడు మరో 100 ఇస్తుందనుకుందాం. సెకనుకు రెండు ఊపులైతే సగటు 0.4 మైక్రోఆంపియరు. మామూలు ఎలక్ట్రోలైటిక్‌కి డేటాషీట్ అనుమతించే లీకేజీయే 3 మైక్రోఆంపియర్లో, అంతకన్నా ఎక్కువో. పైగా షాట్కీ డయోడ్లు వెనక్కి కారుస్తాయి. చిల్లికుండలో నీళ్ళు పోస్తున్నారు.

1ఎన్4148 డయోడ్లు నాలుగు, 4.7 మైక్రోఫారడ్ పాలిస్టర్ ఫిల్మ్ కెపాసిటర్ ఒకటి పెట్టండి. మీటర్ లోపలి నిరోధం 10 మెగాఓమ్‌లు కాబట్టి తట్టేటప్పుడు దాన్ని తగిలించొద్దు. సరిగ్గా 50 సార్లు తట్టి ఆపాక పెట్టి, మొదట కనబడిన అంకె రాసుకోండి. 2.1 వోల్టులొస్తే మొత్తం చార్జి (4.7 × 2.1) సుమారు 10 మైక్రోకూలుంబులు. 100 కదలికలతో భాగిస్తే ఒక్కోదానికి 100 నానోకూలుంబులు.

పడుగూపేకా:
గుడ్డ సంగతీ చూడండి. కత్తిరించిన అంచున వెండిపూత పోగు ఒక్కటి పైకి లేచి అవతలి ఎలక్ట్రోడ్‌ని తాకినా షార్టే. వెండిపూత గుడ్డని అన్ని వైపులా 5 మి.మీ. లోపలికి పెట్టి, అంచు మడిచి కుట్టండి. సోల్డరింగ్ వద్దు, నైలాన్ కరిగిపోతుంది. వాహక దారంతో టిచ్ బటన్ కుట్టి, వైరు దానికి బిగించండి. ప్లంబర్ టేపు సాగి ముడతలు పడితే తాకే వైశాల్యం సగానికి సగం పోతుంది.

ఒంటి వైపు లైనింగ్ కాటన్ అయితే మార్చండి. తేమ ఉంటే చార్జి కారిపోతుంది. కాటన్ మామూలుగా తన బరువులో సుమారు 8 శాతం తేమ పట్టుకుంటుంది, పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు. ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ కండిషనర్ అసలు వాడొద్దు. స్టాటిక్ చార్జి పోగొట్టే పొరే అది గుడ్డ మీద వదిలేది! సబ్బు పోయేదాకా జాడించి, చివర డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి బాగా ఆరబెట్టండి. విశాఖ ఉక్కపోతలో ఒకసారి, ఏసీ గదిలో ఒకసారి కొలిస్తే తేడా మీకే తెలుస్తుంది.

టెక్స్‌టైల్_ఫైనలియర్:
డయోడ్లు, కెపాసిటర్ మార్చాక 50 తట్లకు 1.7 వోల్టులు వచ్చింది. థాంక్సండీ. ఎల్‌టీసీ3588 చిప్ (ఇలాంటి చిన్న కరెంటుని పోగుచేసి ఇచ్చేది) పెడితే ఆర్డ్యునో నడుస్తుందా?

మైక్రోఆంప్:
అంటే ఒక్కో కదలికకు 80 నానోకూలుంబులు, సగటు 0.32 మైక్రోఆంపియరు. ఆ చిప్ నిద్రలో ఉన్నప్పుడే సుమారు 0.45 మైక్రోఆంపియరు తాగుతుంది, కనుక ఒక్క ముక్కతో మేలుకోదు. రెండు చంకల కింద, రెండు ఇన్‌సోళ్ళలో కలిపి నాలుగు పెట్టి, ఒక్కోదానికి విడిగా బ్రిడ్జి కట్టండి. నేరుగా కలిపితే ఒకటి తోసేది ఇంకొకటి లాగేస్తుంది. అప్పుడైనా ఆగి ఆగి ఒక రీడింగే తీయగలరు. ఆర్డ్యునో ఉనోకి 50 మిల్లీఆంపియర్ల దాకా కావాలి, దాన్ని వదిలేయండి.

నా మాట వింటే కరెంటు బటన్ సెల్ నుంచి తీసుకుని, ఈ ముక్కని సెన్సర్‌గా వాడండి. అడుగులూ చేతి ఊపులూ లెక్కపెట్టడానికి ఈ పల్సు చాలు. ఇన్‌పుట్ కరెంటు పికోఆంపియర్లలో ఉండే సీమాస్ ఆప్‌ఆంప్‌ని బఫర్‌గా (ముక్క నుంచి దాదాపు కరెంటు లాగకుండా పల్సుని ముందుకు పంపేలా) పెట్టి, దాని ముందు 10 మెగాఓమ్‌ల రెసిస్టరు, రెండు క్లాంప్ డయోడ్లు (వోల్టేజీ హద్దు దాటకుండా ఆపేవి) తప్పక ఉంచండి. లేకపోతే వందల వోల్టుల పల్సుకి మొదటి రోజే చిప్ పోతుంది.