పుట్టబోయే పాపకు గుండె ఆపరేషన్, రీసెర్చ్‌లో చేర్చమంటున్నారు. సంతకం పెట్టాలా?

డల్లాస్_సుబ్బు:
అందరికీ నమస్కారం. మాది భీమవరం, ఉండేది టెక్సాస్‌లో. మా ఆవిడకి 34వ వారం. ఐదో నెల స్కాన్‌లోనే పాపకి టీజీఏ అని చెప్పారు. గుండె నుంచి బయల్దేరే రెండు పెద్ద నాళాలు తారుమారయ్యాయన్నమాట. పుట్టగానే ప్రోస్టాగ్లాండిన్ డ్రిప్ (గుండె దగ్గర డక్టస్ అనే చిన్న నాళం మూసుకుపోకుండా ఉంచే మందు), వారం పది రోజుల్లో ఆ రెండు నాళాల్నీ సరైన చోటికి మార్చే స్విచ్ ఆపరేషన్. ఇదంతా ఎలాగో జీర్ణించుకున్నాం. నిన్న రీసెర్చ్ నర్స్ వచ్చి 16 పేజీల కాగితం చేతిలో పెట్టింది. ఆపరేషన్ టైంలో ఇచ్చే ఒక మందు మీద స్టడీ అట. ఎవరికి మందు, ఎవరికి ఉత్త సెలైన్ అనేది కంప్యూటర్ తేలుస్తుందట. అమ్మకి చెప్తే "నా మనవరాలు ఏమన్నా కుందేలు పిల్లా?" అని ఫోన్ పెట్టేసింది. ఇలాంటి వాటిలో చేరినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.

న్యూజెర్సీ_లక్ష్మి:
సుబ్బు గారూ, మా బాబు 2019లో స్ట్రెస్ ట్రయల్ అనే స్టెరాయిడ్ స్టడీలో ఉన్నాడు. ఆపరేషన్ టైంలో గుండె, ఊపిరితిత్తుల పని చేసే బైపాస్ మెషిన్‌లో రక్తం తిరిగితే ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (వాపు లాంటిది) రేగుతుంది. దాన్ని అణచడానికి మిథైల్‌ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ ఇవ్వడం ఏళ్ల తరబడి ఉన్న అలవాటే. కొన్ని హాస్పిటళ్లలో ఇస్తారు, కొన్నిట్లో ఇవ్వరు. మా సర్జన్ని అడిగితే "ఇదివరకు పనిచేసిన చోట అందరికీ ఇచ్చేవాళ్లం, ఇక్కడ ఇవ్వరు. రెండు చోట్లా పిల్లలు ఇళ్లకెళ్తూనే ఉన్నారు" అన్నాడు. ఆ మాట మీదే సంతకం పెట్టాను. 24 సెంటర్లు, 1200 మంది పిల్లలు. 2022లో ఫలితం వచ్చింది. స్టెరాయిడ్ వల్ల గట్టిగా చెప్పుకోదగ్గ మేలు తేలలేదు. షుగర్ పెరిగి ఇన్సులిన్ పెట్టాల్సి రావడం మాత్రం మందు తీసుకున్నవాళ్లలో 19 శాతం, మిగతావాళ్లలో 6.7. మావాడికి ఏది పడిందో నేను అడగలేదు. అడిగి ఏం చేస్తాను!

ఓరుగల్లు_వేణు:
అక్కా, మీకు మంచిగైంది గాబట్టి చెప్తున్నరు. పోయినేడు మా అన్న కొడుకుకు ఒక ప్రైవేట్ దవాఖానల ఆపరేషన్. పొద్దుగాల ఆరింటికి థియేటర్ల వెడ్తమన్నరు. రాత్రి పదకొండింటికి కాయితాలు దెచ్చి సంతకాలు వెట్టుమన్నరు. అండ్ల ఆపరేషన్ కాయితం ఏది, రీసెర్చ్ కాయితం ఏది, ఎవలకు తెలుస్తది? మా అన్న ఏడ్సుకుంటనే అన్నిటి మీద వెట్టిండు. వారం తర్వాత ఫైల్ జూస్తే నాలుగోది రక్తం శాంపిళ్ల స్టడీ. పిల్లగాడు మంచిగనే ఉన్నడు. గానీ గా రాత్రి మర్చిపోను.

ఎన్‌ఐసీయూ_సిస్టర్:
వేణూ, అది తప్పే, సమర్థించను. రీసెర్చ్ కాగితం వేరే రోజు, వేరే మనిషి, తీరిగ్గా చెప్పాలి. ఇంటికి తీసుకెళ్లి చదువుకోవచ్చు. మధ్యలో మానుకోవచ్చు, మానుకున్నారని వైద్యంలో తేడా చూపకూడదు. మన దేశంలో జరిగే ట్రయల్స్‌ని 2009 నుంచి సీటీఆర్‌ఐలో (ట్రయల్స్ వివరాలుండే జాతీయ రిజిస్ట్రీ) నమోదు చేయడం తప్పనిసరి. నంబర్ అడిగి వెబ్‌సైట్‌లో మీరే వెతుక్కోవచ్చు.

సుబ్బు గారూ, కుందేలు మాట మేం డ్యూటీలో వింటూనే ఉంటాం. అమ్మగారికి ఇది చెప్పండి: మీ పాపకి చేయబోయే స్విచ్ ఆపరేషన్ 1975లో బ్రెజిల్‌లో జటేన్ అనే సర్జన్ మొదలెట్టింది. తొలిరోజుల్లో చాలామంది పిల్లలు దక్కలేదు. ఇవాళ మంచి సెంటర్లలో నూటికి 95 మంది పైనే దక్కుతున్నారు. అలాగని కొత్త మందు వైపు పడితే అదృష్టం అనుకోకండి. బైపాస్ మెషిన్‌లో నైట్రిక్ ఆక్సైడ్ అనే గ్యాస్ కలిపితే మంచిదని చిన్న చిన్న స్టడీలు చూసి అందరం ఆశపడ్డాం. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, నెదర్లాండ్స్‌లో రెండేళ్ల లోపు పిల్లలు 1371 మందితో పెద్ద ట్రయల్ చేసి చూస్తే, వెంటిలేటర్ అక్కర్లేకుండా గడిచిన రోజుల్లో తేడా లేదని 2022లో తేలింది.

ఇంకోటి. ప్రోస్టాగ్లాండిన్ ఎక్కుతుంటే కొందరు పిల్లలు ఊపిరి తీసుకోవడం ఆపేస్తారు. మానిటర్ మోగితే హడలిపోకండి, అది తెలిసిన సంగతే, అక్కడివాళ్లు సిద్ధంగా ఉంటారు.

కాకినాడ_రమ్య:
టాపిక్ పక్కకి పోతుందేమో, అయినా చెప్తాను. మీకు స్కాన్‌లోనే తెలిసింది. మా పెద్దాడి గుండె జబ్బు ముందు తెలీలేదు. రెండో రోజు ఇంటికి పంపేశారు, ఐదో రోజు పాలు పట్టడం మానేశాడు, పెదాలు నేరేడుపండు రంగు. ఎలాగో దక్కాడు. చిన్నదాని కాన్పప్పుడు నర్సింగ్ హోమ్‌లో నేనే పట్టుబట్టాను, 24 గంటలు దాటాక కుడిచేతికీ, ఒక కాలికీ క్లిప్ పెట్టి ఆక్సిజన్ చూడమని. "చెయ్యి చూశాం కదమ్మా, కాలెందుకు?" అంది ఆయమ్మ. కుడిచేతికి వచ్చే రక్తం డక్టస్‌కి ముందే విడిపోతుంది, కాలికి వెళ్లేది ఆ తర్వాత. రెండిటికీ తేడా 3 దాటితే అనుమానించాలి. వేలెడంత పాదానికి క్లిప్ నిలవదు, మైక్రోపోర్ టేప్ చుట్టి పట్టుకుంటే చేతికి 98, కాలికి 97 చూపించింది. అప్పుడు గానీ కాఫీ తాగలేదు నేను. ఇంగ్లండ్‌లో 20,055 మంది పసిపిల్లల మీద పరీక్షించి 2011లో వేసిన పేపర్ ఈ పద్ధతికి పెద్ద దన్ను. ఆ తల్లులు ఒప్పుకోబట్టే కదా. (కోఆర్క్టేషన్, అంటే గుండె నుంచి వచ్చే పెద్ద ధమని ఒకచోట సన్నబడటం, దీనికి చాలాసార్లు దొరకదు. తొడ దగ్గర నాడి కూడా చూడమనండి.)

బోస్టన్_ప్రసాద్:
సుబ్బు గారూ, మా అమ్మాయిదీ టీజీఏనే, ఇప్పుడు తొమ్మిదేళ్లు. ఈతలో చేప. షూ లేసు కట్టుకోవడం మాత్రం ఎనిమిదో ఏట వచ్చింది. మీ కాగితంలో పాపని ఎన్నేళ్లు చూస్తారో వెతకండి. 1988 నుంచి 92 దాకా ఇక్కడ బోస్టన్‌లో 171 మంది టీజీఏ పిల్లల మీద ఒక ట్రయల్ చేశారు. ఆపరేషన్ టైంలో రక్తప్రసరణ పూర్తిగా ఆపడమా, పంపుతో కొద్దికొద్దిగా నడపడమా అని. ఏడాది వయసులో చూస్తే, ప్రసరణ పూర్తిగా ఆపిన పిల్లల కదలికలు వెనకబడ్డాయి. పదహారేళ్లకి చూస్తే రెండు గుంపులకీ మధ్య తేడా పెద్దగా లేదు గానీ, అందరిలో సగం మందికి పైగా చదువులో ఏదో ఒక సాయం కావాల్సొచ్చింది. నెలకే పిల్లల్ని చూడటం ఆపేసుంటే ఈ సంగతి తెలిసేదే కాదు. మా అమ్మాయిని రెండేళ్ల నుంచే డెవలప్‌మెంట్ క్లినిక్‌కి పంపించారు.

డల్లాస్_సుబ్బు:
అందరికీ థాంక్స్. రాత్రి అమ్మకి మళ్లీ చేశా. రాండమైజేషన్‌కి తెలుగు దొరక్క "చీటీలు వేస్తారమ్మా" అన్నా. "దేవుడి దగ్గరేనా?" అంది. కంప్యూటర్ అన్నా. కాసేపాగి "పోనీలే, కోడలేమంటోంది?" అంది. కోడలు ఎనిమిదో పేజీలో ఉంది, పెన్సిల్‌తో గీతలు పెడుతోంది. ప్రసాద్ గారూ, ఎన్నేళ్లు అన్నది పన్నెండో పేజీలో ఉంది, రెండేళ్లే. గురువారం అపాయింట్‌మెంట్, ఎందుకు రెండేళ్లో అడుగుతాం.

ఓరుగల్లు_వేణు:
అన్నా, సంతకం వెడితే ఒక కాపీ నీ దగ్గర వెట్టుకో. మా అన్న దగ్గర లేకుండె.